కెనడా రాజకీయాల మీద ఆన్‌లైన్‌లో వాదించాలంటే, ముందు ఆ పని ఎవరి చేతిలో ఉందో చూడండి

రెండేళ్ళ క్రితం చలికాలంలో మా అమ్మాయికి జ్వరం ఎంతకీ తగ్గకపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. రాత్రి తొమ్మిదికి వెళ్తే డాక్టరు చూసేసరికి తెల్లవారుజాము నాలుగైంది. ఒళ్ళో పిల్ల, చేతిలో ఫోను, కడుపులో మంట. అప్పుడే హాస్పిటళ్ళ మీద జరుగుతున్న ఒక చర్చ కంటబడింది. ఒట్టావాలో ఉన్నవాళ్ళు, అంటే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం వాళ్ళు, ఆరోగ్య వ్యవస్థను సర్వనాశనం చేశారని, మా పన్నులన్నీ ఎవరు తింటున్నారని, ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ఇంత పొడుగున రాసేశాను. ఎవరో ఒకాయన ఒక్క ప్రశ్న వేశాడు: "మీది ఏ ప్రావిన్స్?" మాట దాటేయడానికి అడుగుతున్నాడనుకుని ఇంకో నాలుగు పేరాలు దంచాను.

పొద్దున ఇంటికొచ్చి, పిల్ల నిద్రపోయాక, ఆయన అలా ఎందుకడిగాడా అని వెతికాను. 1867 నాటి రాజ్యాంగ చట్టం 92వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది, హాస్పిటళ్ళు పెట్టడం, నడపడం ప్రావిన్సుల, అంటే మన రాష్ట్రాల్లాంటి వాటి, పని. ఒట్టావా డబ్బు పంపుతుంది, 1984లో వచ్చిన కెనడా హెల్త్ యాక్ట్ ప్రకారం కొన్ని షరతులు పెడుతుంది. ఆ డబ్బు సరిపోతుందా లేదా అన్నది వేరే గొడవ, అదీ న్యాయమైన గొడవే. కానీ ఏ ఊళ్ళో ఎన్ని బెడ్లు ఉండాలి, రాత్రి షిఫ్టులో ఎంతమంది ఉండాలి, దానికి ఎంత కేటాయించాలి అన్నవి ప్రావిన్స్ చూసుకోవాల్సినవి. నా కోపంలో తప్పు లేదు, కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. అసలు జవాబు చెప్పాల్సిన ప్రభుత్వం పేరు నేను రాసిన దాంట్లో ఒక్కచోట కూడా లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. కెనడాలో ఉంటున్న మనవాళ్ళు ఇక్కడి రాజకీయాల గురించి వాదించాలనే నా కోరిక, ఇంకా ఎక్కువగా వాదించాలి. కాకపోతే దెబ్బ తగలాల్సిన చోట తగలాలి.

మొదటి పని: ఇది ఎవరి పని?

కామెంట్ టైప్ చేసేముందు ఒక్క వాక్యం మనసులో పూర్తి చేయండి: "దీన్ని మార్చగలిగేది ఫలానా వాళ్ళు." ఆ ఖాళీ నింపలేకపోతే ఇంకా రాయకండి, ఐదు నిమిషాలు వెతకండి. డిఫెన్స్, కరెన్సీ, బ్యాంకులు, క్రిమినల్ చట్టం ఫెడరల్‌వి. స్కూళ్ళు, హాస్పిటళ్ళు, ఆస్తి హక్కులు, ఇంటి అద్దె నియమాలు ప్రావిన్సువి. సిటీ కౌన్సిళ్ళకు రాజ్యాంగంలో సొంత అధికారం ఏమీ లేదు, ప్రావిన్స్ ఇచ్చినంతే. ఇమ్మిగ్రేషన్ ఇద్దరిదీ, 95వ సెక్షన్ అలాగే చెబుతుంది, క్యూబెక్‌కైతే 1991 ఒప్పందం వల్ల ఇంకాస్త ఎక్కువ పట్టు ఉంది.

ఒక్కోసారి ఒకే విషయం రెండు చేతుల్లో ఉంటుంది, గొడవ ముదిరేది అక్కడే. బెయిల్ సంగతే తీసుకోండి. బెయిల్ ఎప్పుడివ్వాలో చెప్పే క్రిమినల్ కోడ్ ఫెడరల్ పార్లమెంటుది. కానీ ఎక్కువ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే క్రౌన్ లాయర్లు, కోర్టుల నిర్వహణ, విచారణ అయ్యేదాకా మనిషిని ఉంచే జైలు, ఇవన్నీ ప్రావిన్స్ పరిధిలోవి. కారు దొంగతనం చేసినవాడు మర్నాడే బయటికొచ్చాడని ఎవరైనా రాస్తే, అది చట్టం లోపమా, జైల్లో చోటు లేకపోవడమా, లాయరు సరిగ్గా అభ్యంతరం చెప్పకపోవడమా అని అడగండి. మూడింటికీ జవాబు చెప్పాల్సినవాళ్ళు వేర్వేరు.

ఈక్వలైజేషన్, అంటే ఆదాయం తక్కువున్న ప్రావిన్సులకు ఒట్టావా ఇచ్చే సాయం, దాని గొడవ కూడా ఇలాంటిదే. "అల్బెర్టా చెక్కు రాస్తే క్యూబెక్ తింటోంది" అన్న మాట రోజూ కనబడుతుంది. ఏ ప్రావిన్సూ ఇంకో ప్రావిన్సుకు చెక్కు రాయదు. 1957లో మొదలైన ఈ పథకానికి డబ్బు ఫెడరల్ ఖజానా నుంచి వస్తుంది, ఆ ఖజానాలోకి దేశమంతా ఒకే రేట్ల ప్రకారం కట్టే పన్నులు వస్తాయి, అల్బెర్టాలో ఆదాయాలు ఎక్కువ కాబట్టి అక్కడివాళ్ళు కట్టే మొత్తం ఎక్కువ. ఆ లెక్క కట్టే ఫార్ములా అన్యాయంగా ఉందనొచ్చు, అల్బెర్టా వాళ్ళ బాధలో పస ఉందని నేనూ అనుకుంటాను, కానీ వాదన ఫార్ములా మీద జరగాలి, లేని చెక్కు మీద కాదు.

ఒక గొడవను విప్పి చూద్దాం

మనవాళ్ళను నేరుగా తాకేది ఒకటుంది: "ఇంటర్నేషనల్ స్టూడెంట్ల వల్లే అద్దెలు పెరిగాయి." దీనికి రెండు చెత్త జవాబులున్నాయి. ఒకటి, "నువ్వు రేసిస్ట్‌వి." రెండోది, "అబ్బే, స్టూడెంట్లకూ అద్దెలకూ సంబంధమే లేదు." మొదటిదానితో మాట అక్కడే తెగిపోతుంది, రెండోది నిజం కాదు. 2023 చివరికి స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్ళ సంఖ్య పది లక్షలు దాటింది. అంతమంది ఒకేసారి అద్దె ఇళ్ళు వెతికితే ఏమీ కాదంటే ఎవరూ నమ్మరు, మనం చెప్పే మిగతాది కూడా వినరు.

కాబట్టి ముందు ఆ మాట ఒప్పుకోండి, తర్వాత అది అలా ఎందుకైందో చెప్పండి. పర్మిట్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం, ఏ కాలేజీ బయటి దేశాల పిల్లలను తీసుకోవచ్చో గుర్తింపు ఇచ్చేది ప్రావిన్స్, ఎంతమందికి అడ్మిషన్ ఇవ్వాలో తేల్చుకునేది కాలేజీ. ఒంటారియోలో 2019లో ఇక్కడి పిల్లల ఫీజు 10 శాతం తగ్గించి తర్వాత ఏళ్ళ తరబడి అక్కడే ఆపేశారు. ఆ లోటు పూడ్చుకోవడానికి చాలా కాలేజీలు ఎన్నో రెట్లు ఎక్కువ ఫీజు కట్టే విదేశీ పిల్లల మీద పడ్డాయి. ఒట్టావా 2024 జనవరిలో పరిమితి పెట్టేదాకా పర్మిట్లకు మొత్తంగా ఒక లెక్కంటూ లేదు. అదే సమయంలో బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీ రేటు 2022 మార్చి దాకా 0.25 శాతం ఉండి, 2023 జులైకల్లా 5 శాతానికి చేరింది. ఇల్లు కొనుక్కోవాలనుకున్నవాళ్ళు కొనలేక అద్దెల్లోనే ఉండిపోయారు. కొత్త అపార్ట్‌మెంట్లు ఎక్కడ కట్టొచ్చో తేల్చే జోనింగ్ సిటీ కౌన్సిళ్ళ దగ్గర ఏళ్ళకేళ్ళు నానుతోంది.

ఇదంతా ఒకే కామెంట్లో కుక్కమని కాదు. వీటిలో ఒక్కటి తీసుకోండి, ఫీజుల సంగతి చాలు. "స్టూడెంట్లు ఎక్కువయ్యారు, నిజమే. వాళ్ళను పిలిచిందెవరు, ఎందుకు పిలిచారు?" అని అడగండి. తప్పు పంతొమ్మిదేళ్ళ పిల్ల మీద నుంచి పాలసీ రాసినవాళ్ళ మీదికి మళ్ళుతుంది. బేస్‌మెంట్లో ఆరుగురితో కలిసి ఉంటూ, ఇంట్లోవాళ్ళు పొలం తాకట్టు పెట్టి పంపిన డబ్బుతో చదువుకుంటున్న పిల్లలను చూశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

అమెరికా భాష తీసుకురావద్దు

ఇది మనలో చాలా ఎక్కువ, ఎందుకంటే బంధువులు డల్లాస్‌లో, మనం బ్రాంప్టన్‌లో, వార్తలు అన్నీ కలిపి చూస్తాం. రంగులతో మొదలుపెడితే, అక్కడ ఎరుపు రిపబ్లికన్లది, ఇక్కడ ఎరుపు లిబరల్స్‌ది, నీలం కన్జర్వేటివ్‌లది, న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ)ది నారింజ. ఎన్నికల మ్యాప్ పెట్టేముందు ఇది గుర్తుపెట్టుకోండి. అమెరికా రాజ్యాంగంలో భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చే "ఫస్ట్ అమెండ్‌మెంట్" కెనడాలో లేదు. ఇక్కడ ఉన్నది 1982 నాటి హక్కుల చార్టర్. అందులో 2వ సెక్షన్ భావప్రకటన స్వేచ్ఛ ఇస్తుంది, 1వ సెక్షన్ ఏ హక్కుకైనా సహేతుకమైన హద్దులు ఉండొచ్చంటుంది, 33వ సెక్షన్ అయితే కొన్ని హక్కులను ఐదేళ్ళపాటు పక్కన పెట్టి చట్టం చేసుకునే వీలు ప్రభుత్వాలకు ఇస్తుంది, ఆ ఐదేళ్ళూ అయ్యాక మళ్ళీ పొడిగించుకోవచ్చు కూడా. దీన్నే నాట్‌విత్‌స్టాండింగ్ క్లాజ్ అంటారు. టీచర్లు, పోలీసుల్లాంటి ఉద్యోగులు డ్యూటీలో మత చిహ్నాలు ధరించకూడదన్న క్యూబెక్ 2019 చట్టం, అంటే బిల్ 21, నిలబడింది దాని ఆసరాతోనే. తలపాగా, హిజాబ్ గురించి వాదిస్తూ "ఇది రాజ్యాంగ విరుద్ధం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, అవతలివాడికి 33 తెలిస్తే మీ వాదన అక్కడే ఆగిపోతుంది. "ఈ క్లాజును ఇందుకు వాడటం తప్పు" అని మొదలుపెడితే మాట ముందుకు సాగుతుంది.

ప్రధానిని నేరుగా ఎన్నుకోవడం కూడా ఇక్కడ లేదు. జనం ఓటేసేది తమ నియోజకవర్గం ఎంపీకి. ఓట్ల శాతానికీ సీట్లకూ పొంతన ఉండాలని కూడా లేదు. 2021లో కన్జర్వేటివ్‌లకు 33.7 శాతం ఓట్లతో 119 సీట్లొస్తే, లిబరల్స్‌కు 32.6 శాతంతో 160 వచ్చాయి. "దేశమంతా మా వైపే" అని ఏ పార్టీవాళ్ళు అన్నా ఈ రెండు అంకెలు చూపించండి.

స్క్రీన్‌షాట్లు, అంకెలు

2023 ఆగస్టు నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కెనడాలో వార్తల లింకులు కనబడవు. ఆన్‌లైన్ న్యూస్ యాక్ట్ కింద వార్తాసంస్థలకు డబ్బు కట్టాల్సి వస్తుందని మెటా ఆపేసింది. దాని ఫలితం ఏమిటంటే అక్కడ తిరిగేదంతా స్క్రీన్‌షాటే. తేదీ కత్తిరించి ఉంటుంది, సగం హెడ్డింగ్ ఉంటుంది, ఒక్కోసారి ఆ వార్త నాలుగేళ్ళనాటిది. దేన్నైనా నమ్మేముందు ఆ పత్రిక సైటుకే వెళ్ళి హెడ్డింగ్ వెతకండి. బిల్లు గురించైతే పార్లమెంటు సైటులో లెజిస్‌ఇన్ఫో ఉంది, బిల్ నంబరు కొడితే అసలు పాఠం, ఏ దశలో ఉంది, ఎవరు ఎటు ఓటేశారు అన్నీ వస్తాయి. చాలా "కొత్త చట్టాలు" అసలు పాసే కాలేదు. ఆన్‌లైన్ హార్మ్స్ బిల్లు, సీ-63, 2025 జనవరిలో పార్లమెంటు సమావేశాలు ముగిసినప్పుడే చచ్చిపోయింది, అయినా దాన్ని అమల్లో ఉన్న చట్టంగా చూపించే పోస్టులు ఆ తర్వాత కూడా చూశాను.

అంకె కనబడితే మూడు సంగతులు అడగండి: దేంట్లోంచి ఇంత, ఎంత కాలానికి, ఒక్కసారిచ్చేదా నెలనెలా ఇచ్చేదా. మూడోది ఎందుకంటే, "శరణార్థులకు ప్రభుత్వం మన ముసలివాళ్ళ పెన్షన్ కంటే ఎక్కువ ఇస్తోంది" అన్న మెసేజ్ ఇరవై ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. ఆ అబద్ధం పుట్టింది ఎలాగంటే, ప్రభుత్వమే తీసుకొచ్చిన శరణార్థులకు ఇల్లు సర్దుకోవడానికి ఒక్కసారి ఇచ్చే మొత్తాన్ని నెలవారీ సాయంతో కలిపేసి, అదంతా ప్రతి నెలా ఇస్తున్నట్టు చదివారు. నెలవారీ సాయం మామూలుగా ఏడాది దాకానే, అదీ ఆ ప్రావిన్స్‌లో ఇచ్చే సోషల్ అసిస్టెన్స్ స్థాయిలోనే. దీన్ని మన గ్రూపుల్లో పెద్దవాళ్ళు ఫార్వర్డ్ చేస్తారు. వాళ్ళ మీద విరుచుకుపడకండి. "బాబాయ్, ఇది ఒక్కసారిచ్చేది కలిపి రాశారు, లెక్క ఇదీ" అని విడిగా మెసేజ్ పెట్టండి, నలుగురిలో తప్పు పట్టించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

మాట జారకూడని చోట్లు

రెండున్నాయి. మొదటిది రెసిడెన్షియల్ స్కూళ్ళు, అంటే ఇక్కడి ఆదివాసీ (ఇండిజినస్) పిల్లలను తమ భాషకూ, సంస్కృతికీ దూరం చేయడానికి ప్రభుత్వం, చర్చిలు నడిపిన హాస్టల్ బడులు. సుమారు లక్షా యాభై వేల మంది ఇండిజినస్ పిల్లలను వాటిలో పెట్టారు, చాలామందిని ఇళ్ళ నుంచి బలవంతంగా. 2008 జూన్ 11న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, 2015లో ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 94 చర్యలు సూచించింది. 2021 మేలో క్యామ్‌లూప్స్‌లో రాడార్‌తో కనుగొన్నవి సమాధులు కావచ్చన్నారు, తవ్వి తీసినవి కావు. కొందరు దాన్ని "మాస్ గ్రేవ్స్" అని రాశారు, ఇంకొందరు ఆ మాట తప్పు కాబట్టి మొత్తం కథే అబద్ధమంటున్నారు. మీరు ఈ రెండు గుంతల్లోనూ పడకండి. ఆ స్కూళ్ళలో చనిపోయిన పిల్లల్లో నాలుగు వేలకు పైగా పేర్లు రికార్డుల్లో ఉన్నాయి, వాదనకు అవి చాలు. మీ వాదన చదివేవాళ్ళలో ఎవరి నాయనమ్మో ఆ స్కూల్లో పెరిగి ఉండొచ్చన్నది మనసులో పెట్టుకుని రాయండి. 1876 నాటి చట్టం పేరు ఇప్పటికీ ఇండియన్ యాక్టే, అయినా మనుషులను ఆ మాటతో పిలవకండి, ఫస్ట్ నేషన్స్, ఇన్యూయిట్, మెటీ అని విడివిడిగా చెప్పండి.

రెండోది కెనడాలో ఉండే ఖలిస్తాన్ వాది హర్దీప్ సింగ్ నిజ్జర్ హత్య. దీని వెనక భారత ప్రభుత్వ ఏజెంట్లు ఉండొచ్చని 2023 సెప్టెంబరులో అప్పటి ప్రధాని ట్రూడో పార్లమెంటులో చెప్పినప్పుడు వాడిన మాట "ఆరోపణలు", భారత్ వాటిని ఖండించింది, 2024 మేలో పోలీసులు నలుగురు భారతీయుల మీద కేసు పెట్టారు. ఆరోపణ, అభియోగం, శిక్ష ఈ మూడూ వేరు. ఏ దశలో ఉందో ఆ మాటే వాడండి. ఖలిస్తాన్ మీద కోపంతో పక్కింటి సిక్కు కుటుంబాన్ని ఆ గాటన కట్టేవాళ్ళను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. 1985లో ఖలిస్తాన్ తీవ్రవాదులు ఎయిర్ ఇండియా విమానంలో పెట్టిన బాంబుకు పోయిన 329 మంది ప్రాణాల గురించి గట్టిగా మాట్లాడండి, మాట్లాడి తీరాలి, కానీ ఒక మతాన్ని బోనులో నిలబెట్టకుండా మాట్లాడండి.

జవాబు ఎలా రాయాలి

ఒక ఉదాహరణ, 2025లో ప్రధాని అయిన మార్క్ కార్నీ గురించి. అవతలివాడు: "కార్నీని ఎవరు ఎన్నుకున్నారు? దొడ్డిదారిన వచ్చి ప్రధాని అయ్యాడు." దీనికి నేను రాసే జవాబు ఇలా ఉంటుంది: "మీరనేది 2025 మార్చి సంగతేనా? మార్చి 14న ప్రమాణం చేసినప్పుడు ఆయన ఎంపీ కూడా కాదు, అది నిజమే. 1984లో జాన్ టర్నర్ కూడా అలాగే అయ్యారు, మన పద్ధతి దాన్ని ఒప్పుకుంటుంది. ఏప్రిల్ 28 ఎన్నికల్లో నేపియన్ నుంచి గెలిచారు, పార్టీకి 343లో 169 వచ్చాయి. పార్టీ సభ్యులే ప్రధానిని మార్చేయడం మీకు నచ్చలేదంటే, దానికి బదులు ఎలా ఉండాలంటారు?" ఇందులో ముందు అడిగాను, నిజమైనంత వరకు ఒప్పుకున్నాను, చివర్లో ఆయన అసలు అసంతృప్తి ఎక్కడుందో అక్కడికి వెళ్ళాను. చాలాసార్లు ఆయన జవాబివ్వడు. పర్వాలేదు, ఏమీ రాయకుండా చదువుతున్నవాళ్ళు పదిమంది ఉంటారు, నేను రాసేది వాళ్ళ కోసం.

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు తగిలితే ఒకే ప్రశ్న వేయండి: "ఏం చూపిస్తే మీ అభిప్రాయం మారుతుంది?" ఏదీ చూపించక్కర్లేదంటే అక్కడితో ఆపేయండి, రాత్రి పన్నెండు దాకా కూర్చోవద్దు, ఆ టెన్షన్ మీ పిల్లల మీద పడుతుంది. అద్దెల గురించి మాట్లాడుతుంటే మధ్యలో గంజాయి చట్టం తెచ్చి రామాయణంలో పిడకల వేట మొదలుపెడితే, "అది విడిగా మాట్లాడదాం, ముందు అద్దె సంగతి తేల్చండి" అని వెనక్కి లాగండి.

పేర్లు పెట్టి నిందలు వేయకండి, ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. కెనడాలో చాలా చోట్ల పరువు నష్టం దావా పడితే, మీరు అన్నది నిజమని నిరూపించుకోవాల్సింది మీరే. "ఫలానా కౌన్సిలర్ లంచం తిన్నాడు" అనకండి, "ఈ ఓటు ఎందుకిలా వేశారు" అనండి. ఒక వర్గం మీద బహిరంగంగా, కావాలని ద్వేషం రెచ్చగొడితే క్రిమినల్ కోడ్ 319వ సెక్షన్ ఉంది, ఆ సెక్షన్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. మీ మీద అలాంటిదెవరైనా రాస్తే తొలగించకముందే స్క్రీన్‌షాట్ తీసి, లింకు, తేదీ దాచుకోండి.

ఇక "నీకు ఓటే లేదు, నువ్వెందుకు మాట్లాడతావ్, మీ దేశం పో" అన్నది. మనలో ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది, తగిలినప్పుడు గుండెలో కలుక్కుమంటుంది. చార్టర్ 3వ సెక్షన్, ఓటు హక్కు, "ప్రతి పౌరుడికీ" అంటుంది. 2వ సెక్షన్, మాట్లాడే హక్కు, "ప్రతి ఒక్కరికీ" అంటుంది. రాసినవాళ్ళు ఆ రెండు మాటలూ వేరువేరుగా రాశారు. ఈ రెండు వాక్యాలూ పెట్టి, తిట్టకుండా, మళ్ళీ అసలు విషయానికి రండి.

వాదనలో తేలింది పనికొచ్చేదైతే అక్కడే వదిలేయకండి. మీ ఎంపీకి ఉత్తరం రాసి హౌస్ ఆఫ్ కామన్స్ అడ్రసుకు పంపితే స్టాంపు కూడా అక్కర్లేదు. పార్లమెంటు ఈ-పిటిషన్ మొదలుపెట్టడానికి ఐదుగురి మద్దతు, ఒక ఎంపీ ఒప్పుకోలు ఉంటే చాలు, 500 సంతకాలు వస్తే సభలో పెట్టొచ్చు, పెట్టాక 45 రోజుల్లో ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబివ్వాలి. సంతకం పెట్టడానికి పౌరసత్వం ఉండి తీరాలని లేదు, కెనడాలో నివాసం ఉంటే సరిపోతుంది. విషయం ప్రావిన్సుదైతే మాత్రం ప్రావిన్స్ శాసనసభలో మీ ప్రతినిధికి రాయండి, ఒంటారియోలో ఆయన్ని ఎంపీపీ అంటారు, చాలా ప్రావిన్సుల్లో ఎమ్మెల్యే అంటారు. ఆ ఎమర్జెన్సీ రాత్రి గురించి నేను చివరికి రాసింది మా ఎంపీపీకే, ఎన్ని గంటలు కూర్చున్నామో, ఆ రాత్రి ఎంతమంది డాక్టర్లు కనబడ్డారో, ఒకటిన్నర పేజీలో.